మా సందులోకి లారీ రాదు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు, ఇల్లు మారి చూడు అని ఎందుకు అనలేదో నాకు తెలీదు. బహుశా వాళ్ళెవరూ కృష్ణానగర్ సందులో కాపురం చేసి ఉండరు.

పోయిన శ్రావణంలో మేం ఇల్లు మారాం. ఆషాఢం వెళ్ళేదాకా ఆగి, మంచి రోజు చూసుకుని, మణికొండలో లిఫ్టు ఉన్న ఫ్లాటులో పాలు పొంగించాం. ఇదంతా అందరిళ్ళలో జరిగేదే. నేను చెప్పాలనుకున్నది దానికి ముందు మూడు వారాల సంగతి. మా సామాను ఆ సందులోంచి బయటికి ఎలా రావాలో తెలీక తల పట్టుకున్న మూడు వారాలు. ఆ వెతుకులాటలో మా సందు చరిత్ర, దాంతోపాటు మా ఇంటి చరిత్ర కూడా నాకు కొత్తగా తెలిసింది.

మొదట ఫోన్లో ఇద్దరు ముగ్గురు ప్యాకర్స్ వాళ్ళని అడిగాను. "టూ బీహెచ్‌కే మేడమ్, పద్నాలుగు వేలు, అన్నీ మావే" అన్నాడొకాయన, ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా. సంతోషంగా సరే అనబోయాను. మా తోడికోడలు ఆపింది. వాళ్ళకి ఇలాగే ఫోన్లో ఒప్పుకున్న వాళ్ళు, తీరా సామాను సగం ఎక్కించాక "ఇంత దూరం మోయాలని చెప్పలేదు" అని రెట్టింపు అడిగారట. సగం సామాను బండిలో, సగం రోడ్డు మీద ఉన్నప్పుడు ఎవరు మాత్రం బేరం చేయగలరు? అందుకని ఇంటికొచ్చి చూసి చెప్పేవాళ్ళనే పిలిచాను.

వచ్చినాయన సందు మొదట్లోనే ఆగిపోయాడు. జేబులోంచి టేపు తీశాడు. నాకు అప్పుడే ఆయన మీద నమ్మకం కుదిరింది. కొలుచుకుంటూ కొలుచుకుంటూ వచ్చి మా ఇంటి ముందు నిలబడి, "ఇక్కడే మేడమ్ అన్నిటికంటే ఇరుకు. ఏడడుగుల రెండంగుళాలు" అన్నాడు.

అన్నిటికంటే ఇరుకు మా గుమ్మం ముందే! కారణం మా మెట్లు. దాని సంగతి తర్వాత చెప్తాను.

లోపలికొచ్చి మంచాలు, బీరువాలు, ఫ్రిజ్జు అన్నీ రాసుకున్నాడు. ముందు గదిలో బల్ల దగ్గరకొచ్చి చుట్టూ తిరిగాడు. ఏడడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, నడుమెత్తు కాళ్ళు. "ఇది ఎలా లోపలికి వచ్చింది?" అన్నాడు.

మా అత్తయ్యగారు కుర్చీలోంచే జవాబిచ్చారు. "అది రాలేదు నాయనా. అదే ముందుంది. ఇల్లే దాని చుట్టూ వచ్చింది."

అది మా మావయ్యగారి కటింగు బల్ల. ఆయన కాస్ట్యూమ్స్ డిపార్టుమెంటులో టైలరు. తెనాలి దగ్గర పల్లెటూరి నుంచి కుర్రతనంలోనే మద్రాసు వెళ్ళి, వడపళనిలో స్థిరపడ్డారు. అప్పట్లో తెలుగు సినిమా అంటే మద్రాసే. విజయా వాహిని, ఏవీఎం స్టూడియోలు అక్కడ. నటులు, దర్శకులు అక్కడ. కాబట్టి కుట్టేవాళ్ళు, రంగులేసేవాళ్ళు, లైట్లు మోసేవాళ్ళు, వంటవాళ్ళు కూడా కోడంబాకం, వడపళని, సాలిగ్రామం సందుల్లోనే.

పరిశ్రమ హైదరాబాదుకి వచ్చింది అని మనం ఒక్క ముక్కలో అనేస్తాం, ఏదో ఒక రోజు రైలెక్కి దిగినట్టు. అది దాదాపు ముప్పై నలభై ఏళ్ళ పాటు సాగిన ఇల్లు మారడం. అమీర్‌పేట దగ్గర సారథి స్టూడియో 1950ల్లోనే వచ్చింది. అక్కడ తీసిన 'మా ఇంటి మహాలక్ష్మి' 1959లో విడుదలైంది. పూర్తిగా హైదరాబాదులో తీసిన మొదటి తెలుగు సినిమాగా దాన్నే చెప్తారు. అక్కినేని నాగేశ్వరరావుగారు 1960ల్లోనే మద్రాసు వదిలి హైదరాబాదులో కాపురం పెట్టారు. 1976లో బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియో మొదలైంది. అదే కాలంలో రామారావుగారి స్టూడియో నాచారంలో వచ్చింది. తర్వాత కృష్ణగారి పద్మాలయా, రామానాయుడుగారి స్టూడియో ఫిల్మ్‌నగర్ వైపు వచ్చాయి. ఇక్కడ తీసే సినిమాలకి ప్రభుత్వం రాయితీలు ఇచ్చింది. మొదట కథానాయకులు, నిర్మాతలు వచ్చారు. చిట్టచివర వచ్చినవాళ్ళు మా మావయ్యగారి లాంటి వాళ్ళు. పని ఇటు జరిగిపోయాక, పని వెనకాల వచ్చారు.

పెద్దవాళ్ళకి గుట్ట మీద స్థలాలు. జూబ్లీహిల్స్‌లో హౌసింగ్ సొసైటీ 1960ల్లో ప్లాట్లు వేసినప్పుడు అక్కడన్నీ బండరాళ్ళే అంటారు. ఆ రాళ్ళ మధ్యే వెడల్పైన రోడ్లు వేసుకున్నారు. వాళ్ళ దగ్గర పనిచేసేవాళ్ళు పొద్దున నాలుగింటికి కాల్షీటుకి నడిచి వెళ్ళగలిగేంత దూరంలో, గుట్ట కింద, అద్దె గదులు వెతుక్కున్నారు. అదే కృష్ణానగర్. జూనియర్ ఆర్టిస్టులు, ఫైటర్లు, డాన్సర్లు, సెట్ బాయ్స్, ప్రొడక్షన్ బాయ్స్, మేకప్ వాళ్ళు, ఒక్క ఛాన్సు కోసం ఊరు వదిలొచ్చిన కుర్రాళ్ళు. 2008లో పూరి జగన్నాథ్ గారు తీసిన 'నేనింతే' సినిమాలో చూసింది ఆ జీవితాన్నే. మా సందులో ఏ ఇంటి తలుపు తట్టినా 24 క్రాఫ్టుల్లో ఏదో ఒకటి తలుపు తీస్తుందని మా మావయ్యగారు నవ్వేవారు.

ఆయన 1991లో అరవై గజాల స్థలం కొని, రెండు రేకుల గదులు వేశారు. మద్రాసు సామాను లారీలో వచ్చింది. ఆ లారీ మా గుమ్మం దాకా వచ్చిందట! అత్తయ్యగారు ఈ మాట చెప్పినప్పుడు నేను నమ్మలేదు. బీరువాలోంచి స్థలం దస్తావేజు తీసి చూశాను. "తూర్పు: 12 అడుగుల బాట" అని స్పష్టంగా ఉంది. పైగా అప్పుడు ఎదురుగా ఇల్లే లేదు, ఖాళీ స్థలం. లారీ అక్కడే వెనక్కి తిరిగి వెళ్ళిందట.

మరి పన్నెండు అడుగులు ఏడు అడుగులు ఎలా అయ్యాయి? ఎవరో వచ్చి ఆక్రమించారని చెప్పడానికి లేదు. అందరం తలా ఒక జానెడు తిన్నాం. 1998లో మేం రేకులు తీసి స్లాబు వేశాం. బల్లని పట్టా కప్పి మధ్యలో ఉంచి, చుట్టూ గోడలు లేపారు. ఇంటి ముందు అరుగు వచ్చింది. ఎదురింటివాళ్ళు బండి ఎక్కించుకోవడానికి ర్యాంపు వేశారు. పక్కింటివాళ్ళు నీళ్ళ సంపు బయటికి పెట్టారు. పైన సజ్జలు ఒకదానికొకటి చెయ్యి అందించుకునేంత దగ్గరికొచ్చాయి. 2004లో, నేను కోడలిగా వచ్చిన మూడేళ్ళకి, మేం పై అంతస్తు వేశాం. లోపల మెట్లు పెడితే ఒక గది పోతుంది. "బయట నుంచి వేద్దాం" అన్నది ఎవరో కాదు, నేనే. కింది రెండు మెట్లు బాట మీదికి వచ్చాయి. ఎవరూ అడగలేదు. అడగడానికి అందరి మెట్లూ బయటే ఉన్నాయి కదా.

బీఏలో తెలుగు చదివినదాన్ని కాబట్టి మాటల మీద కాస్త పిచ్చి. సందు అంటే ఇరుకు దారి. సందు అంటే ఖాళీ జాగా కూడా. సందు దొరికితే దూరిపోయాడు అంటాం చూడండి, అది. మా సందులో రెండో అర్థం మొదటి అర్థాన్ని తినేసింది.

దీనికి మేం కట్టిన మూల్యం 2015లో తెలిసింది. ఒక రాత్రి రెండింటికి మావయ్యగారికి గుండెనొప్పి వచ్చింది. అంబులెన్సు త్వరగానే వచ్చింది, కానీ సందు మొదట్లోనే ఆగింది. స్ట్రెచర్ తెచ్చారు. మా మెట్ల దగ్గర అది మలుపు తిరగలేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురు సెట్ కుర్రాళ్ళు ఆయన్ని రోడ్డు దాకా మోశారు. ఆయన బతికి తిరిగొచ్చి, ఇంకో నాలుగేళ్ళు ఆ బల్ల మీదే మనవరాలికి లంగాలు కుట్టారు. ఆ మెట్ల గురించి నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఇప్పటికీ గుర్తుకొస్తుంది.

ఇప్పుడు అత్తయ్యగారికి డెబ్భై నాలుగు. మోకాళ్ళు పనిచేయడం లేదు. ఇంకో రాత్రి రెండింటికి అలాంటిదే జరిగితే ఎలా అన్న భయంతోనే ఈ మారడం. ఆవిడకి ఇష్టం లేదు. "నేను పోయాక మారండి అమ్మాయ్" అనేవారు.

ఇక బండ్ల సంగతి. ఇల్లు మారాలనుకునే ఆడవాళ్ళందరికీ ఈ లెక్క తెలిసుండాలి. మన ఊళ్ళో సామాను బండి అంటే ముందు నోట్లోకి వచ్చే మాట డీసీఎం. అదేమిటని మా అమ్మాయి అడిగితే వెతికాను. డీసీఎం అంటే ఢిల్లీ క్లాత్ మిల్స్! 1980ల్లో ఆ బట్టల మిల్లు కంపెనీ జపాను టొయోటాతో కలిసి చిన్న ట్రక్కులు తయారు చేసింది. 1990ల్లో ఆ ఫ్యాక్టరీ డేవూ చేతికి వెళ్ళింది. కంపెనీ పోయింది, పేరు మాత్రం మన నోళ్ళలో ఉండిపోయింది. ఇప్పుడు ఏ కంపెనీ బండైనా ఆ సైజుదైతే మనకి డీసీఎమ్మే. బట్టల మిల్లు పేరున్న బండి ఒక టైలరు ఇంటి సందులోకి రాలేకపోవడం నాకు తమాషాగా అనిపించింది. దాని వెడల్పు ఏడడుగుల దాకా ఉంటుంది, మా సందు ఏడడుగుల రెండంగుళాలు. గోడ గీసుకోకుండా తలుపు తీసే వీలుండదు.

2005లో టాటా ఏస్ వచ్చింది. అదే ఛోటా హాథీ. వెడల్పు ఐదడుగులు, పొడవు పన్నెండున్నర. ఇలాంటి ఇరుకు దారుల్లో ఇది చేసిన మేలు ఇంతా అంతా కాదు. అంతకు ముందు మూడు చక్రాల ట్రాలీ ఆటో, రిక్షా, తోపుడు బండే దిక్కు.

ప్యాకర్స్ అండ్ మూవర్స్ అనే వ్యాపారం కూడా మన ఊరికి దగ్గరి చుట్టమే. వైమానిక దళంలో పనిచేసి వచ్చిన రమేశ్ అగర్వాల్ గారు 1987లో హైదరాబాదులోనే తమ సంస్థ మొదలుపెట్టారు. తరచూ బదిలీలయ్యే ఉద్యోగులకి సామాను కట్టి పంపడం అనేది అప్పుడు కొత్త పని. అంతకు ముందు గోనె సంచులు, గడ్డి, పాత చీరలు, చుట్టుపక్కల మగపిల్లలు. వీళ్ళు కాకపోతే హమాలీలు. హమాలీ అన్న మాట అరబ్బీ నుంచి వచ్చింది, మోసేవాడు అని అర్థం. అట్టపెట్టెలు, బబుల్ షీట్లు ఎన్ని వచ్చినా చివరికి ఒక మనిషి వీపు మీదకే అన్నీ ఎక్కుతాయి.

ఇరుకు దారులు మనకొక్కళ్ళకే లేవు. ఆమ్‌స్టర్‌డామ్‌లో పాత ఇళ్ళ మెట్లు ఎంత ఇరుకంటే, ప్రతి ఇంటి నెత్తిన ఒక దూలం, దానికొక కొక్కెం ఉంటుంది. తాడు వేసి సామాను కిటికీలోంచి లాగుతారు. మొరాకోలో ఫెజ్ పాత నగరంలో బండ్లు పోవు, ఈనాటికీ కంచర గాడిదలు, తోపుడు బళ్ళే. వాళ్ళు తమ దారిని ఒప్పుకుని, దానికి తగ్గ పద్ధతి కనిపెట్టుకున్నారు. మన హైదరాబాదులో ఇంకో దారి కూడా చూశారు. 1908 మూసీ వరద తర్వాత, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి, ఇరుకు బస్తీలు తీసి రోడ్లు వెడల్పు చేశారు. చార్మినార్ దగ్గర పత్థర్‌గట్టి రాతి దుకాణాల వరస ఆ బోర్డు చలవే. అంటే అంత పెద్ద వరద వస్తేగాని దారి గురించి ఆలోచించలేదన్నమాట. మాకు ఒక ప్లాస్టిక్ కుర్చీ చాలాలి, అదీ చాలలేదు.

ఇక మేం ఏం చేశామో చెప్తాను, మీకెవరికైనా పనికొస్తుందని.

టేపు తెచ్చినాయనతోనే మాట్లాడుకున్నాం. డీసీఎం మెయిన్ రోడ్డు మీద ఉంటుంది. ఛోటా హాథీ సందులో నాలుగు ట్రిప్పులు తిరుగుతుంది. ఎన్ని ట్రిప్పులు, ఎంతమంది మనుషులు, ఎన్ని అడుగులు మోయాలి, పై అంతస్తుకి ఎంత, అన్నీ కాగితం మీద రాయించుకున్నాం. మొత్తం ఇరవై రెండు వేలు. ఫోన్లో చెప్పిన పద్నాలుగు కంటే ఎక్కువే. కానీ ఇచ్చేది అదే, చివర్లో పెరిగేది లేదు. సందు ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ వీడియో తీసి డ్రైవరుకి పంపాను, కరెంటు వైర్లు ఎక్కడ కిందికి వేలాడుతున్నాయో సహా. 2019లో మెట్రో వచ్చాక మెయిన్ రోడ్డు మధ్యలో స్తంభాలు, పగలు పెద్ద బండి నిలబెడితే వెనక అంతా ఆగిపోతుంది. అందుకని తెల్లవారుజామున ఐదింటికి ముహూర్తం. ముందు రోజు సాయంత్రం నేనే ఇంటింటికీ వెళ్ళి, "రేపు పొద్దున బైకులు కాస్త లోపల పెట్టుకోండి" అని చెప్పి, చేతిలో అరటిపళ్ళు పెట్టాను. ఒక్క బైకు కూడా అడ్డం లేదు. ఇది మాత్రం రాసిపెట్టుకోండి. బండివాడితో మాట్లాడటం కంటే ఇరుగుపొరుగుతో మాట్లాడటం ముఖ్యం.

అన్నీ తేలాయి, బల్ల తేలలేదు. పక్కకి వాల్చి తలుపులోంచి తిప్పాలంటే బయట జాగా కావాలి. బయట మా మెట్లున్నాయి. "కోసి తీసుకెళ్దాం, లేదా ఇక్కడే వదిలేద్దాం" అన్నారు మా వారు. అత్తయ్యగారు ఏమీ అనలేదు. రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

చివరి సాయంత్రం ఎదురింటి పెద్దాయన్ని పిలిచాను. ముప్పై ఏళ్ళకి పైగా సెట్ కార్పెంటరు. మావయ్యగారితో రోజూ టీ తాగినాయన. కోయడమే తప్పదంటే, తెలిసిన చెయ్యి కోస్తే బాగుంటుందని. ఆయన రంపం పక్కన పెట్టి, ఫోను లైటు వేసుకుని బల్ల కింద పడుకున్నాడు. కాసేపటికి లోపలి నుంచి నవ్వు వినపడింది.

"అక్కా, ఇది విప్పే బల్లే కదా! ఒక్క మేకు లేదు. అన్నీ కుసులే, చెక్క చీలలే. కాళ్ళకి గాట్లు కూడా పెట్టుకున్నాడు బావ. ఒకటి, రెండు, మూడు, నాలుగు."

అందరం అత్తయ్యగారి వైపు చూశాం. ఆవిడ కిటికీ వైపు చూస్తూ అన్నారు. "మద్రాసులో మాత్రం మాది రాజవీధా? అదీ సందే. అందుకే ఆయన అట్లా చేయించుకున్నారు."

"మరి ఇన్ని రోజులు చెప్పలేదేం అత్తయ్యా?"

"చెబితే విప్పేస్తారుగా."

నాకు మాట రాలేదు. మూడు వారాలుగా నేను సందు కొలిచాను, బండ్లు కొలిచాను, ఆవిడని మాత్రం అడగలేదు. బల్ల కదలకపోతే ఇల్లు కదలదని ఆవిడ ఆశ. ఆ రాత్రి ఆవిడ పక్కనే పడుకున్నాను. వడపళని సందు గురించి, లారీ వచ్చిన రోజు గురించి పొద్దుపోయేదాకా చెప్పారు. ఈ వ్యాసంలో సగం ఆ రాత్రి విన్నదే.

తెల్లవారి పెద్దాయన బల్ల విప్పాడు. పదిహేను నిమిషాలు పట్టింది. పైపలక ఒక్కటే ఇద్దరు హమాలీలు నిలువుగా పట్టుకుని తీసుకెళ్ళారు. అత్తయ్యగారు చీలలన్నీ తన కొంగులో మూటకట్టుకుని, ఎవరికీ ఇవ్వకుండా కారెక్కారు. మణికొండలో పాలు పొంగాక, ముందు బిగించింది ఆ బల్లే. ఇప్పుడు మా అమ్మాయి దాని మీద చదువుకుంటుంది. అత్తయ్యగారు ఒక చివర చిక్కుళ్ళు వలుస్తారు. లిఫ్టు బావుందని మొన్న మొదటిసారి ఒప్పుకున్నారు. పక్కనే చిత్రపురి కాలనీలో సినిమావాళ్ళు ఉన్నారని తెలిసి, అక్కడ పాత పరిచయాలు వెతుక్కుంటున్నారు.

కృష్ణానగర్ ఇల్లు అద్దెకిచ్చాం. ఇచ్చే ముందు ఒక పని చేయించాను. బాట మీదికి వచ్చిన ఆ రెండు మెట్లు కొట్టించి, లోపలికి మలిపించాను. ముందు గదిలో కొంత జాగా పోయింది, అద్దె వెయ్యి రూపాయలు తగ్గింది. మేస్త్రీ పని అయ్యాక నేనే టేపు పెట్టి కొలిచాను. ఎనిమిదడుగుల తొమ్మిదంగుళాలు. ఇప్పుడు మా సందులో అన్నిటికంటే ఇరుకు మా గుమ్మం కాదు, రెండిళ్ళ అవతల సంపు దగ్గర. ఆ ఇంటావిడ నేను కొలవడం చూస్తూ నిలబడింది.

"మీరు కొట్టించేశారేంటి వదినా?" అంది.

కుర్చీ సంగతి చెప్పాను. ఆ నలుగురు కుర్రాళ్ళలో ఒకడు వాళ్ళబ్బాయే. ఆవిడ సంపు వైపు ఒకసారి చూసి, లోపలికి వెళ్ళి నాకు టీ పట్టుకొచ్చింది.